గాస్ నూనె సీసా

మొన్న పొద్దున ఒక పాత స్టూడెంట్ ఫోన్ చేశాడు. హన్మకొండలో నేను డిగ్రీ చదివి, ఆ తర్వాత పాతికేళ్లు పాఠాలు చెప్పిన కాలేజీలోనే ఇప్పుడతను కెమిస్ట్రీ చూస్తున్నాడు.

“సార్, పాత ల్యాబు ఖాళీ చేస్తున్నం. బీరువా అడుగు అరల ఒక సీసా దొరికింది. లేబుల్ ఊడిపోయింది. లోపల తెల్లగ, సున్నం ముద్దల లెక్క ఏవో ఉన్నయి. మూత తీస్తే గాస్ నూనె వాసన. కడిగి పెట్టమని స్వీపరమ్మకు ఇస్తున్న…”

“ఆగు. నీళ్లు తగలనియ్యకు. మూత పెట్టి అక్కడ్నే ఉంచు. నేనొస్తున్న.”

చాయ్ సగంలో వదిలేసి బండి తీశాను. సుబేదారి దాటేదాకా ఒకటే టెన్షన్, ఆమె నల్లా తిప్పిందేమోనని. ఆ ముద్దలు సోడియం, నీళ్లు తగిలితే అంటుకునే లోహం, అందుకే గాస్ నూనెలో ముంచి ఉంచుతారు. అతను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. సోడియం గురించి ఎన్ని పరీక్షల్లో ఎన్ని పేజీలు రాశాడో. సోడియాన్ని మాత్రం ఎన్నడూ కళ్లతో చూడలేదు. నా దగ్గర చదివిన పిల్లవాడే కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

నేను పోయేసరికి సీసా బల్ల మీద పొడిగానే ఉంది. మూత తిప్పాను. వాసన గుప్పుమంది.

*

వేరే జిల్లాల వాళ్లు కిరసనాయిలు అంటారు. మాకది గాస్ నూనె. కంట్రోల్ దుకాణం ముందు తెల్లవారకముందే డబ్బాలు వరుస కట్టేవి. మనుషులు వేపచెట్టు కింద కూర్చుని ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు, వాళ్ల తరఫున డబ్బాలు నిలబడేవి. మా డబ్బాకు మూత లేదు, గుడ్డపీలిక కుక్కేవాళ్లం. కొలత పాత్రలోంచి గరాటులోకి, గరాటులోంచి డబ్బాలోకి లేత నీలం రంగు నూనె దిగుతుంటే ఆ దుకాణదారు చివరి చుక్కలు పడనిచ్చేవాడు కాదు, గరాటు గబుక్కున లాగేసేవాడు. మా అమ్మ ఆ చివరి చుక్కల కోసం నెలనెలా కొట్లాడేది. కందిలి చిమ్నీ బూడిదతో తోమడం నా పని. ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నం కలుపుతుంటే వేళ్ల సందుల్లోంచి అదే వాసన.

డిగ్రీలో చేరిన మొదటి వారం కెమిస్ట్రీ ల్యాబులో మళ్లీ ఆ వాసనే ఎదురైంది. ఆమ్లాల ఘాటు, హైడ్రోజన్ సల్ఫైడ్ తెచ్చే కుళ్లిన గుడ్ల కంపు, వాటన్నిటి కింద మా ఇంటి వాసన. ఇదెక్కడిదని వెతికితే బీరువాలో ఒక గోధుమరంగు సీసా. పక్కన కాక.

కాక ల్యాబు అటెండర్. పేరు అందరికీ తెలుసు గానీ ప్రిన్సిపాల్ నుంచి ఫస్టియర్ పిల్లల దాకా కాక అనే పిలిచేవాళ్లం. ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాల. ఆ తువ్వాల చెమట తుడుచుకోవడానికి కాదు. సోడియం సీసా ముట్టే ముందు వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి తుడుచుకునేవాడు, పూజకు కూర్చునే అయ్యగారి లెక్క. “చేతుల చెమట కూడ నీళ్లే బిడ్డా” అనేవాడు. చదివింది ఐదో తరగతి. ఫినాఫ్తలీన్‌ను ‘పినాప్తలి’ అనేవాడు, కానీ ఏ సీసా ఏ అరలో ఉందో చీకట్లో కూడా తీసిచ్చేవాడు.

ఆ సీసాలోని నూనె లేత నీలంగా ఎందుకుందో నాకు చాలా రోజుల తర్వాత వెలిగింది. కాలేజీ బడ్జెట్‌లో నూనెకు పైసలు వచ్చేవి కావు. అది కాక ఇంటి కోటా. కంట్రోల్ దుకాణంలో తెచ్చుకున్న దాంట్లోంచి ఒక గ్లాసెడు తెచ్చి ఈ గడ్డలు మునిగేట్టు పోసేవాడు.

*

మొదటిసారి సోడియాన్ని కోయడం చూసిన రోజు బాగా గుర్తు. చిమటాతో ఒక గడ్డ తీసి, వడపోత కాగితం మీద పెట్టి నూనె అద్ది, చాకు ఆనించాడు. బట్టల సబ్బు కడ్డీ కోసినట్టు మెత్తగా దిగింది. లోహమంటే ఇనుము, రాగి అనుకునే మాకు అదే పెద్ద వింత. కోసిన ముఖం కొత్త వెండి పట్టగొలుసు లెక్క మెరిసింది. “చూడున్రి, జల్ది చూడున్రి” అన్నాడు కాక. మేం ముందుకు వంగేలోపే అంచుల నుంచి మసక కమ్ముకొచ్చింది. నిమిషం దాటితే బూడిదరంగే. వానాకాలమైతే ఆ మెరుపు అంతసేపు కూడా నిలవదు.

మా కెమిస్ట్రీ సార్ గాజు తొట్టిలో నీళ్లు పోయించి, నాలుగు చుక్కల ఫినాఫ్తలీన్ వేయించారు. గురిగింజలో సగమంత ముక్కను కాక చిమటాతో జారవిడిచాడు. నూనెలో అడుగున కూర్చునే సోడియం నీళ్ల మీద తేలింది. దాని సాంద్రత 0.97, నీళ్లకు కొంచెం తక్కువ, గాస్ నూనెకు ఎక్కువ. సుయ్యిమంటూ ఆ ముక్క కరిగి గుండ్రటి పూసైంది. 98 డిగ్రీలకు కరిగే లోహం అది, ఆ వేడి తనకు తానే పుట్టించుకుంటుంది. పూస తొట్టి నిండా ఉరుకులాడింది. కాలిన పెనం మీద నీటి చుక్క ఎట్లా ఉరుకుతుందో అట్లా, కాకపోతే ఇక్కడ పెనం నీళ్లు. అది పోయిన దారంతా గులాబీరంగు గీత. ఆ గీత నీళ్లలో చెదిరి, తొట్టి మొత్తం బోనాల నాటి చీర రంగైంది. నీళ్ల నుంచి హైడ్రోజన్ వాయువు లేచిపోయి కాస్టిక్ సోడా మిగులుతుంది, ఆ క్షారం తగిలి ఫినాఫ్తలీన్ గులాబీరంగుకు తిరుగుతుంది.

తర్వాత కాక ఇంకో పని చేశాడు. నీళ్ల మీద చిన్న వడపోత కాగితం తేలేసి దాని మీద ఇంకో ముక్క పెట్టాడు. ఈసారి అది ఉరకడానికి వీల్లేదు. వేడంతా ఒక్కచోటే చేరి భగ్గుమని పసుపుపచ్చ మంట లేచింది. చివర్న ‘టప్’. ముందు వరుస ఆడపిల్లలు కెవ్వుమన్నారు, వెనక వరుస మగపిల్లలం అరవనట్టు నటించాం.

సార్ మంచి కథకులు. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ అనే 28 ఏళ్ల కుర్రవాడు కరిగించిన క్షారంలోకి బ్యాటరీ కరెంటు పంపి ముందు పొటాషియాన్ని, కొద్ది రోజులకే సోడియాన్ని బయటికి తీశాడని, పొటాషియం పూసలు కనబడి మండగానే ల్యాబంతా గంతులేశాడని చెప్తూ, ధోతి కుచ్చిళ్లు పట్టుకుని తనూ ఒక గంతేశారు. మూలకాల పట్టికలో ఈ క్షారలోహాల కుటుంబంలో కిందికి పోయినకొద్దీ కోపం ఎక్కువ అనేవారు. లిథియం నిదానస్తుడు, సోడియం ఉరుకుతాడు, పొటాషియం నీళ్లు తగలగానే లేత వంకాయరంగు మంటతో లేస్తాడు, రుబీడియం, సీజియం గిన్నెనే పగలగొడతారు. “సీజియం 28.5 డిగ్రీలకు కరుగుతది. రుబీడియం 39కి. మన వరంగల్ ఎండల పెడితే రెండూ సర్వపిండి గుంతలల్ల నూనె లెక్క పారుతయి” అనేవారు. ఆ పోలికకు మార్కులు పడవు గానీ ఆ రెండు అంకెలు మాత్రం నేను ఇంతవరకు మరవలేదు.

మా దగ్గర పొటాషియం సీసా కూడా ఒకటుండేది. దాన్ని కాక ఎవరినీ తెరవనిచ్చేవాడు కాదు. పాతబడ్డ పొటాషియం మీద పసుపు పెచ్చు కడుతుంది, చాకు పెడితే పేలొచ్చు. కాకకు సూపరాక్సైడ్ అనే మాట తెలియదు. పసుపు కనిపిస్తే ముట్టద్దని తెలుసు.

*

ఫైనలియర్‌లో సోడియం అందరి చేతికీ వచ్చేది. ఆర్గానిక్ ప్రాక్టికల్స్‌లో లాసేన్ పరీక్ష, ఒక పదార్థంలో నైట్రోజన్, సల్ఫర్ లాంటివి ఉన్నాయో లేదో తేల్చేది. సన్నటి గాజు గొట్టంలో సోడియం ముక్క కరిగించి, ఇచ్చిన పొడి చిటికెడు వేసి, గొట్టం ఎర్రగా కాలేదాకా పట్టుకుని, పింగాణి గిన్నెలోని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్కసారిగా ముంచాలి. గొట్టం పగిలి చిటపటమంటుంది. లోపల సోడియం మిగిలితే ఆ చిటపట కాస్తా ఢమాలంటుంది. ఆ నీళ్లు మరిగించి, వడకట్టి, ఫెర్రస్ సల్ఫేట్ వేసి కాచి, ఆమ్లం చుక్కలు వేస్తే నైట్రోజన్ ఉన్నచోట ముదురు నీలం పుట్టేది. సల్ఫర్ ఉంటే ఇంకో మందుకు ఊదారంగు.

పరీక్ష రోజు కాక కంసాలి లెక్క కూర్చుని ఒక్కొక్కరికి ముక్క కోసిచ్చేవాడు. తక్కువైతే పరీక్ష రాదు, ఎక్కువైతే గిన్నె ఎగురుతుంది. తూకం లేదు, కన్నే తూకం. నీలం రాక వణుకుతున్న పిల్లల వెనక నుంచి పోతూ “ఎర్రగ కాలలే. ఇంకొకటి పట్టు” అని గొణిగేవాడు. ఎక్స్‌టర్నల్ సార్‌కు వినపడేది కాదో, విని ఊరుకునేవారో.

*

అట్లాంటి మనిషి దగ్గర నేను దొంగతనం చేశాను.

ఎండాకాలం సెలవులకు ముందు, ప్రాక్టికల్ అయ్యాక, రేగుపండంత గడ్డ ఒకటి ఖాళీ ఇంజక్షన్ సీసాలో గాస్ నూనె పోసి దాచాను. హసన్‌పర్తి అవతల నా సోపతిగాడి పొలం బావి. రెండు గజాల లోతున నీళ్లు, చుట్టూ రాతి గోడ, గోడ సందుల్లో పావురాలు. ముగ్గురం వెళ్లాం. నూనె తుడిచి విసిరేశాను. ముందు సుయ్యి. ఇంతేనా అని మావాడు గోడ మీదికి వంగి చూశాడు. అప్పుడు పేలింది. బావి గోడల మధ్య ఆ చప్పుడు చుట్టూ తిరిగి మా చెవుల్లోకే వచ్చి పడింది. పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. తెల్లటి పొగ. వంగినవాడి ముంజేతి మీద ఏదో చుక్క పడి “మండుతున్నదిరా” అని గెంతులేస్తే, మోటరు ఆన్ చేసి పైపు కింద పావుగంట చెయ్యి పట్టించాం. ఆ చుక్క కంట్లో పడి ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి పడుకున్నాకే వచ్చింది. వాడికిప్పటికీ అక్కడ పప్పుగింజంత మచ్చ. పటాకులు కాలుస్తుంటే కాలిందని భార్యకు చెప్పాడట, నన్ను బయటపెట్టలేదు.

ఈ మధ్య ఫోన్‌లో ఒక పాత ఫిల్మ్ చూశాను. 1947లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, యుద్ధం తర్వాత మిగిలిపోయిన సోడియం పీపాలను కొండ మీద నుంచి లెనోర్ సరస్సులోకి దొర్లించారు. మొత్తం 20 వేల పౌండ్లు, అంటే తొమ్మిది టన్నులు. సరస్సు నడుమ నీళ్లు గోపురాలై లేచాయి. చూస్తున్నంతసేపూ నాకు ఆ పావురాలే కళ్లముందు.

ఇంటికొచ్చాక అమ్మ చొక్కా జేబు వాసన చూసి, “గాస్ నూనె ఎక్కడిదిరా, ఇంట్ల డబ్బా నిన్ననే అడుగంటింది” అంది. కంట్రోల్ దుకాణంలో పోసి చూపించారని ఏదో అబద్ధం చెప్పాను. అమ్మ నమ్మలేదు. ఆమె అనుమానం నేను బీడీలు తాగుతున్నానని, దానికీ దీనికీ లంకె ఏమిటో నాకు అర్థం కాలేదు.

కాకకు అబద్ధం చెప్పే అవసరం రాలేదు. తర్వాతి ప్రాక్టికల్‌లో సీసా వంక చూసి, నా వంక చూశాడు. అందరూ పోయాక ఆపాడు.

“ఎంత తీస్కపోయినవ్?”

వేలితో చూపించాను.

“ఏడేసినవ్?”

“బాయిల.”

“ఆ బాయి నీళ్లు ఎవలన్న తాగుతరా?”

పేలిందా అని అడగలేదు, దెబ్బ తగిలిందా అని కూడా ముందు అడగలేదు. తాగరు, పొలానికే పారిస్తారు అన్నాక ఊపిరి వదిలాడు. అప్పుడు తిట్టాడు. ఏమని తిట్టాడో ఇక్కడ రాయలేను. నెల రోజులు క్లాసు బ్యూరెట్లన్నీ నాతో కడిగించాడు. సార్‌కు చెప్పలేదు. స్టాకు రిజిస్టర్‌లో ప్రాక్టికల్‌కు వాడినట్టు రాయించాడని తర్వాత తెలిసింది.

*

నేను లెక్చరర్‌గా అదే కాలేజీకి వచ్చిన ఏడాది ముసురు పట్టింది. మూడు రోజులు తెరపివ్వలేదు. భద్రకాళి చెరువు నిండిందని జనం చూడటానికి పోతున్నారు. నాలుగో రోజు పొద్దున ల్యాబు తెరిస్తే సోడియం సీసా అరలో లేదు. నా గుండె ఆగినంత పనైంది. కాక తాపీగా వచ్చి ప్రిన్సిపాల్ గది చూపించాడు. ల్యాబు కప్పు బీరువా పైనే కురుస్తుందని అతనికి తెలుసు. రాత్రి పదకొండింటికి ఇంట్లో చుక్క పడే చప్పుడు విని నిద్రలో లేచి, సైకిల్ మీద వానలో వచ్చి, వాచ్‌మన్‌ను లేపి, సీసాను పాలిథిన్ సంచిలో చుట్టి, తువ్వాల కప్పి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు వరండా దాటించి ప్రిన్సిపాల్ గది ఇనుప బీరువాలో పెట్టాడు. ప్రిన్సిపాల్ గది కప్పు ఎన్నడూ కురవదు కదా.

“నువ్వు తడిసిపోలేదా కాకా?”

“నేను తడిస్తే అంటుకుంటనా?”

*

నేను చెప్పిన పాఠాల్లో నన్ను ఇబ్బంది పెట్టే ఒక రోజుంది. పరకాల వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, ఎప్పుడూ కిటికీ పక్క బెంచీ, లేచి అడిగింది. “సార్, లోహం చుట్టూ హైడ్రోజన్, ఆవిరి పుడుతయి కదా. ఆ గ్యాసు లోహాన్నీ నీళ్లనూ విడదీయాలె. పెనం మీద చుక్క తేలినట్టు. అప్పుడు చర్య నెమ్మదించాలె కదా సార్, పేలుడు ఎందుకైతది?”

వేడికి హైడ్రోజన్ అంటుకుని పేలుతుందని పుస్తకాల్లో ఉన్నదే మళ్లీ చెప్పాను. ఆమె కూర్చోలేదు. “అంటుకునేది తర్వాత కదా సార్” అంది. బెల్లు కూడా కొట్టలేదు, తప్పించుకుందామంటే. సిలబస్‌లో అంతే ఉందమ్మా అన్నాను. ఆమె కూర్చుంది. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. తెలియదమ్మా అంటే పోయేదేముంది?

2015లో ప్రాగ్ నగరంలో పావెల్ యుంగ్‌విర్ట్ బృందం సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు వెతికింది. సోడియం, పొటాషియం కలిపిన ద్రవ లోహం చుక్కను నీళ్లలోకి వదిలి, సెకనుకు వేల బొమ్మలు తీసే కెమెరాతో చూశారు. నీళ్లు తగిలిన సెకనులో వెయ్యో వంతు కూడా గడవకముందే ఆ చుక్క నుంచి పల్లేరుకాయ లెక్క ముళ్లు పొడుచుకొచ్చాయి. లోహంలోని ఎలక్ట్రాన్లు మెరుపువేగంతో నీళ్లలోకి దూకేస్తాయి. వెనక మిగిలినవన్నీ ధనావేశపు అయాన్లు, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ తోపులాటకు లోహం చీలి ముళ్లై నీళ్లలోకి దిగుతుంది, ఎప్పటికప్పుడు కొత్త లోహం నీళ్లకు దొరుకుతుంది, గ్యాసు తెర అడ్డుపడే వీలే ఉండదు. హైడ్రోజన్ మండటం ఆ తర్వాత సంగతి. ఆ అమ్మాయి అడిగింది అక్షరాలా అదే. ఆ వ్యాసం చదివిన రోజు పాత హాజరు పట్టీలు తిరగేశాను. పేరు దొరికింది, మనిషి దొరకలేదు.

అప్పటికే ల్యాబుకు తాళం పడే రోజులొచ్చాయి. ప్రాక్టికల్స్ రికార్డు పుస్తకంలోనే అయిపోయేవి, సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు నీలం పెన్సిల్‌తో అవక్షేపాలు గీసేవాళ్లు. కాక రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. నేను కొన్నాళ్లు పట్టించుకున్నాను, తర్వాత మానేశాను. కాక పోయినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. కరోనా రోజులు, చివరి చూపుకు కూడా రాలేకపోయాను.

*

సీసాలో నూనె ముప్పాతిక ఆవిరైంది. గడ్డల మీద తెల్లటి పెచ్చు. ఒకదాన్ని పొడిగుడ్డతో పట్టి చాకు దించాను. లోపల ఇంకా వెండి. పిల్లవాడు “అరే” అన్నాడు. ఎమ్మెస్సీ అయిన ఇన్నేళ్లకు.

దీన్ని చంపే పద్ధతి కాకే నేర్పాడు. నీళ్లు కాదు, స్పిరిట్. పిల్లవాడు ఉరికి కరోనా నాటి శానిటైజర్ డబ్బా తెచ్చాడు. దాంట్లో పావువంతు దాకా నీళ్లే నాయనా అని తిప్పి పంపి, చౌరస్తాలోని సైంటిఫిక్ షాపు నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెప్పించాను. వరండాలో, గాలి ఆడేచోట, పెద్ద బీకరులో పోసి, గురిగింజంత ముక్కలు ఒక్కొక్కటే వేశాను. నీళ్ల మీద ఉరికే సోడియం దీంట్లో మునిగింది. అడుగున కూర్చుని సన్నగా బుడగలు వదిలింది, సోడా సీసా తీసి పెట్టినట్టు. ఒకటి అయిపోతేనే ఇంకొకటి. పొద్దు వాలేదాకా అదే పని. వీపు నొప్పి పుట్టింది.

అన్నీ అయ్యాక పిల్లవాడు స్టాకు రిజిస్టర్ తెచ్చాడు, కొట్టివేతకు సంతకం కావాలట. నేను బావిలో వేసిన ఏడాది పేజీలు వెతికాను. చెదలు తినేశాయి. సోడియం పేజీ మాత్రం మిగిలింది. ఇంగ్లీషులో సార్లు రాసిన లెక్కల పక్కన, అంచులో, పెన్సిల్‌తో వంకర అక్షరాలు. ‘నూనె పోసిన.’ కింద మళ్లీ ‘నూనె పోసిన.’ నెలకొకటి, పేజీ తిప్పితే ఇంకో వరుస, ఆ పక్క పేజీ సగం దాకా.

“ఇక్కడ సార్” అని పిల్లవాడు చివరి గడి చూపించాడు. ‘నిల్’ అని రాసి సంతకం పెట్టాను.